ఇంగ్లీషు క్రియ, క్రియావిశేషణ, పదరూపాల అవగాహన: నంద్యాల ప్రాంత వాడుకభాష ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఇంగ్లీషు వ్యాకరణంలో తెలుగు విద్యార్థిని ఎక్కువగా ఇబ్బందిపెట్టేవి మూడు: క్రియారూపాలు, క్రియావిశేషణాలు, ఒకే పదం భిన్న భాషాభాగాలుగా మారే తీరు. ఈ మూడింటికీ మూలం ఒక్కటే. తెలుగులో పదం చేసే పనిని దాని చివర చేరే ప్రత్యయం చెబుతుంది. ఇంగ్లీషులో ఆ పనిని చాలావరకు పదం నిలిచే స్థానం, దానికి తోడుగా వచ్చే సహాయక క్రియ చెబుతాయి. నంద్యాల, ఆళ్లగడ్డ, పాములపాడు ప్రాంతాల వాడుకభాషలో సహాయక క్రియ స్పష్టంగా వినిపిస్తుంది. తరగతిగదిలో తప్పుగా భావించి దిద్దే ఈ మాటతీరే ఇంగ్లీషు క్రియావ్యవస్థను బోధించడానికి ఉపయోగపడే సాధనమని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలకపదాలు: క్రియ, సహాయక క్రియ, క్రియావిశేషణం, క్త్వార్థకం, రాయలసీమ మాండలికం, వ్యతిరేకి బోధన, ఇంగ్లీషు బోధన

1. ఉపోద్ఘాతం:

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమాన్ని ప్రవేశపెడుతూ 2019 నవంబరులో వెలువడిన ఉత్తర్వులను రాష్ట్ర ఉన్నత న్యాయస్థానం 2020 ఏప్రిల్‌లో కొట్టివేసింది. ఆ తరువాత ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉండే ద్విభాషా పాఠ్యపుస్తకాలు బడులకు చేరాయి. మాధ్యమం ఏది కావాలన్న చర్చ ఒకవైపు సాగుతుండగా, ఇంగ్లీషును ఎలా బోధించాలన్న ప్రశ్న వెనుకబడింది. ఇంట్లో ఇంగ్లీషు వినని తొలితరం విద్యార్థికి మాధ్యమం కన్నా ముందు ఎదురయ్యేది ఈ రెండో ప్రశ్నే.

2022 ఏప్రిల్ 4న కర్నూలు జిల్లా నుంచి విడివడి ఏర్పడిన నంద్యాల జిల్లాలో పాములపాడు ఒక మండల కేంద్రం. శ్రీశైలం జలాశయపు నీటిని వేర్వేరు కాలువలకు పంచే బనకచర్ల నియంత్రణ వ్యవస్థ ఈ మండలంలోనే ఉంది. ఒక్క ప్రవాహం అనేక కాలువలుగా చీలినట్లే, ఇంగ్లీషులో ఒక్క పదరూపం అనేక ప్రయోజనాలుగా చీలుతుంది. తెలుగులో ప్రతి ప్రయోజనానికీ వేరే రూపం ఉంటుంది. విద్యార్థి తడబాటు ఈ తేడా దగ్గరే మొదలవుతుంది.

రాబర్ట్ లాడో 1957లో మాతృభాషకూ అన్యభాషకూ ఉన్న భేదాలను పోల్చి చూపడం బోధనకు పునాది కావాలని ప్రతిపాదించాడు. పిట్ కార్డర్ 1967లో విద్యార్థి దోషాన్ని లోపంగా కాక, అతడు లోలోపల నిర్మించుకుంటున్న వ్యాకరణానికి సాక్ష్యంగా చూడాలన్నాడు. ఈ రెండు దృక్పథాలను కలిపి చూసినప్పుడు మాతృభాష అంటే ప్రామాణిక గ్రంథభాష మాత్రమే కాదనీ, విద్యార్థి నోట పలికే మాండలికమనీ గుర్తించవలసి వస్తుంది.

2. నిర్వచనంలోని చిక్కు:

‘పనిని తెలిపే పదం క్రియ’ అన్నది బడిలో తొలుత నేర్పే నిర్వచనం. అర్థాన్ని మాత్రమే ఆధారం చేసుకున్నందువల్ల ఇది తెలుగులోనే నిలవదు. పనిని తెలిపేదే క్రియ అయితే ‘పని’ అనే మాటే మొదట క్రియ కావాలి, కాని అది నామవాచకం. ‘పరుగు’, ‘నడక’, ‘చదువు’ కూడా పనులను తెలుపుతాయి. ‘పరుగు’, ‘నడక’ నామవాచకాలు. ‘చదువు’ వాక్యాన్నిబట్టి నామవాచకమో, క్రియో అవుతుంది.

తెలుగులో ఈ నిర్వచనం హాని చేయకపోవడానికి కారణం రూపభేదం. ‘నడక’, ‘నడిచినాడు’ అన్న రెండింటిని కలగాపులగం చేసే తెలుగు పిల్లవాడు ఉండడు. ఇంగ్లీషులో ఆ రక్షణ లేదు. ‘దే వాక్ టు స్కూల్’ అన్నప్పుడు ‘వాక్’ క్రియ. ‘దే వెంట్ ఫర్ ఎ వాక్’ అన్నప్పుడు అదే పదం నామవాచకం. అక్షరం మారలేదు, ఉచ్చారణ మారలేదు. మారింది స్థానం. ‘ఎ’ తరువాత వచ్చింది కనుక నామవాచకం అయింది. కర్త తరువాత వచ్చి కాలాన్ని మోసింది కనుక క్రియ అయింది. కాబట్టి ఇంగ్లీషు పదాన్ని విడిగా చూపి ‘ఇది ఏ భాషాభాగం?’ అని అడగడం కన్నా, వాక్యంలో ఉంచి ‘ఇక్కడ ఇది ఏ పని చేస్తున్నది?’ అని అడగడం శాస్త్రీయం.

3. క్రియారూపాలు: మాండలికం అందించే ఆధారం:

తెలుగు సమాపక క్రియ కాలాన్నీ, కర్త పురుష, లింగ, వచనాలనూ ఒకే పదంలో ఇముడ్చుకుంటుంది. ‘రాసినాడు’, ‘రాసింది’, ‘రాసినారు’, ‘రాసినాను’ అన్నప్పుడు కర్తను విడిగా చెప్పకపోయినా తెలుస్తుంది. ఇంగ్లీషులో ‘రోట్’ అన్న రూపం కర్త ఎవరైనా మారదు. అందువల్ల అక్కడ కర్తను తప్పక చెప్పాలి. ‘వాన పడతాంది’ అనే వాక్యాన్ని ‘ఈజ్ రైనింగ్’ అని విద్యార్థి రాస్తే, అతడు ‘ఇట్’ను మరచిపోలేదు. తన భాషలో అవసరం లేని కర్తను అక్కడా చేర్చలేదు, అంతే.

3.1. వర్తమానం:

ప్రామాణిక భాషలో ‘చేస్తున్నాడు’ అన్న రూపంలో ‘చేస్తు’, ‘ఉన్నాడు’ అన్న రెండు అంశాలు కలిసి ఉన్నా, ఆ కూర్పు సామాన్య వక్తకు స్ఫురించదు. నంద్యాల ప్రాంతపు వాడుకలో ‘చేస్తాండాడు’, ‘చేస్తుండాడు’ వంటి రూపాలు ఊరినిబట్టి, సామాజిక వర్గాన్నిబట్టి వినిపిస్తాయి. ‘ఇంట్లో ఉండాడు’ అని రోజూ పలికే నోటికి ‘చేస్తాండాడు’లోని ‘ఉండాడు’ వెంటనే వినబడుతుంది. ఇంగ్లీషు ‘ఈజ్ డూయింగ్’ నిర్మాణం కూడా ఇదే. ‘డూయింగ్’ అన్నది శత్రర్థకమైన ‘చేస్తా’కు, ‘ఈజ్’ అన్నది ‘ఉండాడు’కు సరిపోతాయి. ఆళ్లగడ్డ శిల్పిని గూర్చి ‘బొమ్మ చెక్కుతాండాడు’ అనగలిగిన విద్యార్థికి ‘హి ఈజ్ కార్వింగ్’లో ‘ఈజ్’ ఎందుకు తప్పనిసరో చెప్పడం సులభం. ‘చెక్కుతా’ అని ఆపేస్తే వాక్యం పూర్తికానట్లే ‘హి కార్వింగ్’ కూడా పూర్తికాదు.

3.2. ఫలితం నిలిచి ఉన్న భూతకాలం:

ఇంగ్లీషులో ‘కేమ్’, ‘హ్యాజ్ కమ్’ అన్న రెంటికీ తెలుగు అనువాదంగా ‘వచ్చాడు’ అనే రాయడం బోధనలో సాధారణం. దీనితో రెంటి మధ్య ఉన్న భేదం మాయమవుతుంది. ఈ ప్రాంతపు వాడుకలో ‘వచ్చినాడు’, ‘వచ్చిండాడు’ అన్న రెండు వేరువేరు రూపాలున్నాయి. మొదటిది జరిగిపోయిన పనిని చెబుతుంది. రెండోది వచ్చిన మనిషి ఇప్పుడు ఇక్కడే ఉన్నాడని చెబుతుంది. ‘కాలవకు నీళ్లు వచ్చినాయి’ అన్నదానికీ ‘కాలవకు నీళ్లు వచ్చిండాయి’ అన్నదానికీ ఉన్న తేడా రైతు ఇంటి పిల్లలకు వివరించనక్కరలేదు. రెండో వాక్యం వింటే పార పట్టుకొని పొలానికి పోవచ్చు. ‘ది వాటర్ హ్యాజ్ కమ్’ అన్న వాక్యంలోని ఫలితార్థం ఇదే. తెలంగాణ వాడుకలోని ‘వచ్చిండు’ సామాన్య భూతకాల రూపం. రూపసామ్యం వల్ల దానిని ‘వచ్చిండాడు’తో కలపకూడదు.

ఇక్కడ రెండు హద్దులను గుర్తించాలి. తెలుగులో రెండు నిర్మాణాల్లోనూ సహాయక క్రియ ‘ఉండు’ ఒక్కటే. ఇంగ్లీషులో శత్రర్థకం ముందు ‘బి’ క్రియ, భూతకృదంతం ముందు ‘హావ్’ క్రియ వస్తాయి. రెండోది, ‘నిన్న వచ్చిండాడు’ అనడానికి తెలుగులో అడ్డులేదు. ఇంగ్లీషులో ముగిసిన కాలాన్ని తెలిపే ‘యెస్టర్‌డే’తో ‘హ్యాజ్ కమ్’ పొసగదు, ‘కేమ్’ అనే వాడాలి. పోలిక ద్వారా అర్థాన్ని అందించి, ఆపైన భేదాన్ని చూపడమే సరైన క్రమం.

‘పోయింటాడు’, ‘వచ్చింటే’ వంటి రూపాలూ ఇలాంటివే. ‘వాడు పోయింటాడు’ అన్న ఊహకు ‘హి మస్ట్ హావ్ గాన్’ అన్నది సమీప సమానార్థకం. ‘వాన వచ్చింటే పంట పండేది’ అన్న వాక్యం జరగని సంగతిని చెబుతుంది. ఉన్నత తరగతుల్లో కఠినమని పేరుపడ్డ ‘ఇఫ్ ఇట్ హ్యాడ్ రెయిన్డ్’ నిర్మాణానికి అర్థపరమైన పునాది కరవును ఎరిగిన సీమ పల్లెలో ముందే ఉంది.

3.3. తద్ధర్మం, భవిష్యత్తు:

‘రోజూ పోతాడు’, ‘రేపు పోతాడు’ అన్న వాక్యాల్లో క్రియ ఒక్కటే. అలవాటో, రాబోయే పనో అన్నది పక్కనున్న కాలవాచకం చెబుతుంది. ఇంగ్లీషు ఈ రెంటినీ ‘గోజ్’, ‘విల్ గో’ అని విడదీస్తుంది. సంప్రదాయ తెలుగు వ్యాకరణంలోని ‘తద్ధర్మం’ అన్న పారిభాషిక పదం ఇక్కడ ఎంతో ఉపయోగపడుతుంది. స్వభావాన్నీ అలవాటునూ చెప్పేది తద్ధర్మం కనుక, ఇంగ్లీషులో సామాన్య వర్తమానంగా పిలిచే రూపం నిజానికి తద్ధర్మార్థకమని చెబితే ‘ఐ యామ్ గోయింగ్ డైలీ’ వంటి దోషాలకు చోటు తగ్గుతుంది.

3.4. వ్యతిరేకార్థం:

‘డిడ్ నాట్ వెంట్’ అన్నది ఉపాధ్యాయులు తరచుగా దిద్దే దోషం. దీనికి కారణం తెలుగు ప్రభావం కాదు. తెలుగు నిజానికి సరైన దారినే చూపుతుంది. ‘పోయినాడు’కు వ్యతిరేకం ‘పోయినాడు లేదు’ కాదు, ‘పోలేదు’. ప్రధాన క్రియ తన కాలప్రత్యయాన్ని వదిలి మూలరూపానికి దగ్గరవుతుంది, వ్యతిరేకార్థ భారం ‘లేదు’ మీద పడుతుంది. ఇంగ్లీషులోనూ కాలాన్ని ‘డిడ్’ మోస్తుంది కనుక ‘వెంట్’ తిరిగి ‘గో’ అవుతుంది. ‘పోయినాడు – పోలేదు’ అన్న జంట పక్కన ‘వెంట్ – డిడ్ నాట్ గో’ అన్న జంటను నల్లబల్ల మీద నిలిపితే సూత్రం దానంతటదే కనిపిస్తుంది.

3.5. స్థితివాచక క్రియలు:

‘నాకు తెలుసు’ అన్నదానికి ‘తెలుసుతాండాను’ అన్న రూపం లేదు. కనుక ‘ఐ యామ్ నోయింగ్’ అన్న దోషాన్ని తెలుగు సహజజ్ఞానంతోనే సరిదిద్దవచ్చు. ‘అర్థమవుతాంది’ అన్నది మాత్రం తెలుగులో సహజం. అందువల్ల ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్’ అన్న ప్రయోగం వస్తుంది. ‘నాకు ఇద్దరు తమ్ముళ్లు ఉండారు’ అన్న వాక్యంలోని ‘ఉండు’ క్రియ ఉనికిని చెబుతూ సంబంధాన్ని కూడా తెలుపుతుంది. ఇంగ్లీషులో దీనికి ‘హావ్’ కావాలి, అదీ సామాన్య రూపంలో. దోషాలన్నీ ఒకే కోవకు చెందవనీ, కొన్ని మాతృభాష నుంచి, కొన్ని ఇంగ్లీషు సూత్రాన్ని అతిగా విస్తరించడం నుంచి పుడతాయనీ ఈ ఉదాహరణలు తెలుపుతున్నాయి.

4. ఒక రూపం, అనేక ప్రయోజనాలు:

చిన్నయసూరి బాలవ్యాకరణంలో క్రియకూ కృదంతానికీ వేరువేరు పరిచ్ఛేదాలున్నాయి. క్త్వార్థకం, శత్రర్థకం, చేదర్థకం వంటి అసమాపక రూపాలకు తెలుగులో స్పష్టమైన పేర్లూ ప్రత్యయాలూ ఉన్నాయి. ఇంగ్లీషులో ‘-ఇంగ్’ అన్న ఒక్క ప్రత్యయం ఈ రూపాల్లో చాలావాటి పనిని చేస్తుంది. ‘రన్నింగ్’ అన్న పదాన్ని చూడండి. ‘రన్నింగ్ ఈజ్ గుడ్’ అన్నప్పుడు అది ‘పరుగెత్తడం’. ‘రన్నింగ్ వాటర్’ అన్నప్పుడు ‘పారే’ నీరు. ‘హి కేమ్ రన్నింగ్’ అన్నప్పుడు ‘పరుగెత్తుతూ’. ‘హి ఈజ్ రన్నింగ్’ అన్నప్పుడు ‘పరుగెత్తుతాండాడు’. తెలుగులో నాలుగు ప్రత్యయాలు చూపే భేదాన్ని ఇంగ్లీషులో నాలుగు స్థానాలు చూపుతున్నాయి.

క్త్వార్థకం విషయంలో పరిస్థితి మరోలా ఉంటుంది. ‘ఇంటికి పోయి, అన్నం తిని, బడికి వచ్చినాడు’ అన్న వాక్యంలో సమాపక క్రియ ఒక్కటే. ఇంగ్లీషులో సహజంగా ‘వెంట్’, ‘ఏట్’, ‘కేమ్’ అని మూడు భూతకాల క్రియలను ‘అండ్’తో కలుపుతారు. తెలుగు వాక్యంలోని చివరి క్రియకు మాత్రమే కాలాన్నిచ్చి, తక్కినవాటిని మూలరూపంలో వదిలేసే విద్యార్థి తన భాషా నియమాన్ని నిజాయితీగా పాటిస్తున్నాడు. అతనికి కావలసింది శిక్ష కాదు, ఈ భేదాన్ని చూపే వివరణ.

పదాల మార్పిడి గురించి మరో విషయం చెప్పాలి. తెలుగు ఇంగ్లీషు క్రియను క్రియగా స్వీకరించదు. ‘ఫోన్ చేసినాడు’, ‘కట్ చేసినాడు’, ‘సెలెక్ట్ అయినాడు’ అన్న వాడుకల్లో ఇంగ్లీషు పదం నామం వలె నిలిచి, కాలాన్నీ పురుషనూ తెలుగు క్రియ మోస్తుంది. దీనివల్ల వందలాది ఇంగ్లీషు క్రియలు విద్యార్థికి ముందే పరిచయమైనా, వాటిని క్రియలుగా నడిపించే అలవాటు అతనికి ఉండదు. తెలిసిన మాటలతోనే ‘కట్ చేసినాడు – హి కట్’, ‘సెలెక్ట్ అయినాడు – హి వాజ్ సెలెక్టెడ్’ అని సాధన చేయిస్తే ‘చేయు’, ‘అగు’ల మధ్య భేదం కర్తరి, కర్మణి భేదంగా ఇంగ్లీషులో ఎలా తేలుతుందో బోధపడుతుంది.

5. క్రియావిశేషణాలు: ‘గా’ ప్రత్యయం, ‘-లీ’ ప్రత్యయం:

‘గా’కు ఇంగ్లీషులో ‘-లీ’ సమానమన్న బోధన సగం సత్యం. ‘నెమ్మదిగా నడిచినాడు’ అన్నచోట ‘స్లోలీ’ సరిపోతుంది. ‘ఇల్లు అందంగా ఉంది’ అన్నచోట ఇంగ్లీషుకు కావలసింది విశేషణమైన ‘బ్యూటిఫుల్’ మాత్రమే. ‘డాక్టరుగా పనిచేస్తాడు’ అన్నచోట ‘యాజ్ ఎ డాక్టర్’ కావాలి. దీనికి ఒక సులభమైన పరీక్ష ఉంది. ‘గా’ చేరిన పదం తరువాత ‘ఉండు’ క్రియ వస్తే ఇంగ్లీషులో సాధారణంగా విశేషణం, పనిని తెలిపే ఇతర క్రియ వస్తే ‘-లీ’ రూపం, ‘గా’ చేరినది వృత్తినో హోదానో తెలిపే నామమైతే ‘యాజ్’. ‘తియ్యగా ఉంది’ అన్నదానికి ‘టేస్ట్స్ స్వీట్’ అనడానికీ ‘స్వీట్లీ’ అనకపోవడానికీ కారణం ఇదే.

ఈ రెండు ప్రత్యయాల పుట్టుకలో ఆసక్తికరమైన సామ్యం ఉంది. ‘గా’ అన్నది ‘అగు’ ధాతువు నుంచి వచ్చింది. ‘-లీ’కి మూలం ప్రాచీన ఇంగ్లీషులో శరీరం, ఆకారం అన్న అర్థాలున్న ‘లీచ్’ అనే పదం. రెండూ ఒకప్పుడు స్వతంత్ర పదాలే. ప్రాచీన ఇంగ్లీషులో ‘లీచ్’ చేరితే విశేషణం, దానికి మరో అచ్చు చేరితే క్రియావిశేషణం ఏర్పడేవి. కాలక్రమంలో చివరి అచ్చు లోపించి రెండూ ‘-లీ’గా కలిసిపోయాయి. ‘ఫ్రెండ్లీ’, ‘లవ్లీ’ విశేషణాలు కావడం, ‘క్విక్లీ’ క్రియావిశేషణం కావడం ఈ చరిత్ర ఫలితమే. ‘ఫాస్ట్’, ‘హార్డ్’ అన్న పదాలకు ‘-లీ’ లేకుండానే క్రియావిశేషణాలుగా వాడుక ఉండడం కూడా చివరి అచ్చు జారిపోవడం వల్లనే. ‘హార్డ్లీ’ అన్నది తరువాత ‘దాదాపు లేదు’ అన్న వేరే అర్థంలో స్థిరపడింది. ‘కష్టపడి చదివినాడు’ అనే అభిప్రాయంతో ‘హార్డ్లీ స్టడీడ్’ అంటే అర్థం తలకిందులవుతుంది.

ప్రత్యయం లేని క్రియావిశేషణాలు ఈ ప్రాంత విద్యార్థికి కొత్తవి కావు. ‘జప్పున రా’, ‘బిరీన పో’ అన్న వాడుకల్లో ‘గా’ లేదు. అందరికీ తెలిసిన మరో పదం ‘శానా’. ‘శానా మంచోడు’, ‘శానా తిన్నాడు’, ‘శానా మంది’ అన్న మూడు చోట్లా అది మారదు. ఇంగ్లీషులో ‘వెరీ’, ‘ఎ లాట్’, ‘మెనీ’ అన్న మూడు పదాలు కావాలి. దాని తరువాత ఉన్నది విశేషణమా, క్రియా, సంఖ్యకు లోబడే నామమా అన్నది చూసి ఎంపిక జరగాలి. స్థాన నియమం ఇక్కడా అదే.

వాక్యంలో క్రమం కూడా గమనించదగినది. ‘ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడతాడు’ అన్నప్పుడు క్రియావిశేషణం క్రియకు ముందుంటుంది. ఇంగ్లీషులో క్రియకూ దాని కర్మకూ మధ్య దానికి సాధారణంగా చోటుండదు. ‘స్పీక్స్ ఇంగ్లీష్ ఫ్లూయెంట్లీ’ అనాలి.

6. వాడుకభాష, బోధన, గౌరవం:

ఇంగ్లీషు బోధనకూ తెలుగు వాడుకభాషకూ ఉన్న బంధం కొత్తది కాదు. 20వ శతాబ్ది తొలి దశకంలో ఉత్తర సర్కారులలో పాఠశాలల పర్యవేక్షకుడిగా ఉన్న జె.ఎ. యేట్స్ తెలుగు బోధన గురించి లేవనెత్తిన ప్రశ్నలు గిడుగు వేంకట రామమూర్తిని వ్యావహారిక భాషోద్యమం వైపు నడిపించాయి. జీవద్భాషను జీవద్భాషగా బోధించాలన్న సూత్రం ఇంగ్లీషుకు వర్తిస్తే తెలుగుకు ఎందుకు వర్తించదన్నది ఆ ఉద్యమ తర్కం. నేడు ఆ ప్రశ్నను తిప్పి అడగవలసి ఉంది. తెలుగు బోధనలో వాడుకభాషకు గౌరవం దక్కినప్పుడు, ఇంగ్లీషు బోధనలో విద్యార్థి మాండలికానికి ఎందుకు దక్కకూడదు?

‘వచ్చిండాడు’ అన్న విద్యార్థిని ‘వచ్చాడు’ అనమని దిద్దినప్పుడు, ఇంగ్లీషు నేర్చుకోవడానికి పనికొచ్చే ఒక వ్యాకరణ భేదాన్ని కూడా అతని నోటి నుంచి తొలగిస్తున్నామన్న ఎరుక ఉపాధ్యాయునికి ఉండాలి. రాతలో ప్రామాణిక రూపాన్ని నేర్పవచ్చు, నేర్పాలి కూడా. అయితే మాండలిక రూపం తప్పు కాదనీ, అది మరో నియమబద్ధ వ్యవస్థకు చెందినదనీ చెప్పడం అవసరం.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. ఈ ప్రాంతపు తరగతుల్లో ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు, తండాల నుంచి వచ్చే లంబాడీ భాషావ్యవహర్తలు కూడా ఉంటారు. వారికి తెలుగే రెండో భాష. అందువల్ల మాండలిక పోలికను ఏకైక మార్గంగా కాక, ఆయా ఇంటిభాషలను కూడా పోల్చడానికి నమూనాగా గ్రహించాలి.

7. ముగింపు:

• ఇంగ్లీషు భాషాభాగాలను అర్థం ఆధారంగా కాక, వాక్యంలోని స్థానం, సహాయక క్రియల ఆధారంగా బోధించాలి.

• ‘చేస్తాండాడు’, ‘వచ్చిండాడు’, ‘పోయింటాడు’ వంటి నంద్యాల ప్రాంత రూపాలు ఇంగ్లీషు సహాయక క్రియల అర్థాన్ని అందించగల సహజ ఆధారాలు. ‘బి’, ‘హావ్’ భేదాన్నీ, కాలవాచకాల నియమాన్నీ వాటికి జోడించి చెప్పాలి.

• శత్రర్థకం, క్త్వార్థకం, తద్ధర్మం వంటి సంప్రదాయ పారిభాషిక పదాలు ఇంగ్లీషు రూపాల వివరణకు నేటికీ ఉపయోగపడతాయి.

• ‘గా’, ‘-లీ’ ప్రత్యయాలు సమానార్థకాలు కావు. తరువాత వచ్చే క్రియను బట్టి ‘గా’కు ఇంగ్లీషు రూపాన్ని ఎంచుకోవాలి.

• దోషాలన్నీ మాతృభాష వల్ల కలిగినవి కావు. ‘పోలేదు’ వంటి రూపాల్లో మాతృభాషే దోషాన్ని నివారించగలదు.

• తన ఊరి మాటలో వ్యాకరణం ఉందని తెలిసిన విద్యార్థి ఇంగ్లీషు వ్యాకరణాన్ని భయంతో కాక పరిచయంతో సమీపిస్తాడు. ఉపాధ్యాయ శిక్షణలో మాండలిక వ్యాకరణానికి స్థానం కల్పించడం ఆ దిశగా తొలి అడుగు.